పాలిపోయిన పాచి

పాచి మీద పరిశోధన చేస్తామంటూ అప్పుడప్పుడూ ఎవరో ఒక పిల్లో పిల్లాడో జగిత్యాలలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. ఎండను తిండిగా మార్చే సూక్ష్మజీవులని, రేపటి ఇంధనమని కళ్ళు పెద్దవి చేసుకుని చెబుతారు. టీ ఇచ్చి వింటాను. అంతా విన్నాక, "మీ తొట్లు కలిపే మనిషి పేరేంటి?" అని అడుగుతాను. చాలామందికి తెలియదు. తెలియదంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకరిద్దరి మీద అరిచాను కూడా. "నువ్వు రిటైరైనవు గని నీ నోరు రిటైర్ కాలే" అంటాడు మా ఆయన.

అందుకే ఇక అరవకుండా ఒకసారి రాసి పెట్టేద్దామని కూర్చున్నాను. ఎప్పుడు చేరానో, ఎప్పుడు ఇంక్రిమెంట్ వచ్చిందో ఇందులో ఉండదు. అవి ఎవరికీ పనికిరావు. నేను చెప్పేది ఒక తొట్టి గురించి, దాన్ని పోగొట్టుకున్న ఒక అమ్మాయి గురించి.

ఈ పని ఏమిటంటే

జగిత్యాల నుంచి కోరుట్ల పోయే దారిలో మాదో చిన్న పరిశోధన కేంద్రం. బయట సిమెంటు తొట్లు, ఒక్కోదాంట్లో నీళ్ళు ఆగకుండా తిప్పే తెడ్ల చక్రం, లోపల ఏసీ గదిలో గాజు సీసాలు, వెనకాల దాణా తినిపించి చూడడానికి ఓ కోళ్ళ షెడ్డు. నీళ్ళలో కంటికి కనపడని పాచిని పెంచి, అడుగుకు దించి, బట్టలో వడకట్టి, ఎండబెట్టి పొడి చేస్తాం. ఆ పొడి కోళ్ళ దాణాకీ చేపల మేతకీ పనికొస్తుంది. పొలం లేనివాళ్ళు కూడా పెరట్లో ఒక తొట్టి పెట్టుకుని దాణా పండించుకోవాలన్నది మా కల. కల అని ఎందుకంటున్నానంటే, అది కలగానే మిగిలింది.

పుస్తకాల్లో రాయని సంగతి, ఇది సగం తొట్లు కడిగే పని, సగం పసిపిల్లల్ని సాకే పని. మే నెలలో తొట్టి నీళ్ళు కాగినట్టవుతాయి. పురుగు పడితే ఒక్క రాత్రిలో పచ్చటి తొట్టి బురదనీళ్ళవుతుంది. చేతులకు అంటిన పచ్చదనం సబ్బుకు పోదు. మల్యాలలో మా చుట్టాల పెళ్ళికి అవే చేతులతో వెళ్తే, "గిదేంది, గోరింటాకు రంగు మారింది?" అని ఆడవాళ్ళంతా ఆటపట్టించారు.

ఇక అసలు కష్టం. పాచికి ఎండంటే ప్రాణం, కానీ దానికి ఎండను వాడుకోవడం రాదు. బంతి భోజనాల్లో ముందు కూర్చున్నవాళ్ళు తినగలిగినదానికంటే ఎక్కువ విస్తట్లో వేయించుకుని సగం పారేస్తారు చూడండి, చివరి బంతికి వచ్చేసరికి గిన్నెలు ఖాళీ. తొట్లోనూ అదే జరుగుతుంది. పైనున్న కణాలు ముదురు పచ్చగా ఉండి, వచ్చిన ఎండంతా మింగేస్తాయి. వాడుకోలేనిది వేడిగా వదిలేస్తాయి. కిందున్నవాటికి చీకటే. కణాల్లో పచ్చదనం తగ్గిస్తే ఒక్కొక్కటీ తనకు కావలసినంతే తీసుకుంటుంది, మిగతా వెలుగు అడుగుదాకా దిగుతుంది, తొట్టి మొత్తం మీద పంట పెరుగుతుంది. అంటే పాలిపోయిన పాచే ఎక్కువ పండుతుంది. ఇది తెలిసినవాళ్ళకు కూడా తొట్టిని చూడగానే మనసు ఒప్పుకోదు. పాలిపోయిన పైరును చూసి సంతోషించడం మనకు ఎవరు నేర్పారు?

తాళం సారు

మా కేంద్రం పెద్దాయనది కోస్తా జిల్లా. మంచి చదువరి, పొద్దున అందరికంటే ముందు వచ్చేవాడు. ఎవరికి జ్వరం వచ్చినా మాత్రలు తెచ్చి ఇచ్చేవాడు. కానీ ఆయనకొక జబ్బుండేది. ప్రతిదానికీ తాళం వేసేవాడు. సీసాల గదికి తాళం, సీసాల అల్మరాకు తాళం, చివరికి చక్కెర డబ్బాకు కూడా. మేమంతా వెనకాల తాళం సారు అనేవాళ్ళం. ఆయనకు తెలుసు, నవ్వేవాడు.

దానికి కారణం లేకపోలేదు. యవ్వనంలో తాను తయారుచేసిన పాచిని నమ్మి ఒక స్నేహితుడికి ఇస్తే, ఆ స్నేహితుడు దాన్ని తన పేరు మీద ప్రకటించుకున్నాడు. ఆ దెబ్బ ఆయన మర్చిపోలేదు. అప్పటినుంచి ఆయన నియమాలు రెండు. ఒకటి, ఇక్కడి పాచి చుక్క కూడా గేటు దాటకూడదు. రెండు, ఏ తొట్లో ఏముందో కూలీలకు చెప్పకూడదు.

"చెబితే ఏమవుతుంది సార్?" అని నేనొకసారి గట్టిగానే అడిగాను.

"ఇవాళ మనవాళ్ళకు చెబుతాం. రేపు టీ కొట్టు దగ్గర వాళ్ళు ఇంకెవరికో చెబుతారు. మీకు లోకం తెలీదమ్మా," అన్నాడు.

మంచివాళ్ళు భయంతో పెట్టే నియమాలు చెడ్డవాళ్ళు పెట్టేవాటికంటే ప్రమాదం. చెడ్డవాడి నియమాన్ని ఎవరో ఒకరు ఎదిరిస్తారు. మంచివాడిదైతే, పోనీలే పాపం అని అందరం తల ఊపుతాం.

అనిత

అనిత సిరిసిల్ల పిల్ల. తండ్రిది సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, కూలి; తల్లి బీడీలు చుడుతుంది. చిన్నప్పటినుంచీ బడి నుంచి రాగానే సాంచాలకు దారం కండెలు చుట్టిచ్చిన చేతులు ఆమెవి. మా దగ్గర కాంట్రాక్టు మీద చేరింది. మా వడపోత బట్ట నాసిరకంగా ఉందని వచ్చిన మొదటి నెలలోనే సిరిసిల్ల నుంచి గట్టి నేత బట్ట తెచ్చి తనే కుట్టింది. "గిది సర్కారు గుడ్డ మేడం, గిట్ల వడకడితె సగం పాచి నీళ్లల్లనే పోతది," అంది మొహమాటం లేకుండా. నాకు ఆ పిల్ల అప్పుడే నచ్చింది.

పచ్చదనం తక్కువున్న పాచిని తయారుచేసింది ఆమే. కణాల మీద అతినీలలోహిత కాంతి వేసి, బతికినవాటిని పళ్ళేల్లో పెంచి, వేల చుక్కల్లో పాలిపోయిన చుక్కను వెతికి పట్టుకుంది. దొరికినవాటిలో చాలావరకు నిజంగానే జబ్బువి, చచ్చిపోయాయి. ఏళ్ళ తరబడి వెతగ్గా ఒక్కటి నిలిచింది. లేత నిమ్మకాయ రంగు. సీసాల్లో బాగా పండింది. ఇక బయట మూల తొట్లో, అసలు ఎండలో, ఒక కాలం నిలబడితే చాలు. పైనుంచి తనిఖీ బృందం వచ్చి చూస్తుంది. వాళ్ళు బాగుందంటే అనితకు పర్మనెంటు ఉద్యోగం, పీహెచ్‌డీలో సీటు. కాదంటే ఆ ఏడాదితో కాంట్రాక్టు ముగుస్తుంది.

"గింత సదివి మల్ల కండెలు చుట్టుడేనా అని మా అమ్మ రోజూ అడుగుతది మేడం," అని నవ్వుతూ అనేది. ఆ నవ్వు వెనకాల భయం నాకు కనపడేది.

తొట్లు చూసుకునేది రాజవ్వ. కోరుట్ల నుంచి షేరింగ్ ఆటోలో వచ్చేది. భూమి లేదు, ఊహ తెలిసినప్పటినుంచి పరాయి పొలాల్లో నాట్లే. మొగుడు మస్కట్ పోయి అక్కడే ఎక్కడో తప్పిపోయినట్టయ్యాడు, ఫోన్ కూడా లేదు. పిల్లలు లేరు. అనితను "బిడ్డా" అని పిలిచేది, కన్నకూతురిలాగే చూసుకునేది. మధ్యాహ్నానికి మక్క గట్క తెస్తే అందులో సగం అనితకు. అనిత తొట్టి గట్టునే కూర్చుని తినేది.

ఒకరోజు అనిత నా దగ్గరికి వచ్చి, "ఒక్క సీసా మా ఇంట్ల కిటికీల వెట్టుకుంట మేడం. కరెంటు గిట్ల వొయి ఇవి సచ్చిపోతె మల్ల ఏడ వెతకాలె?" అంది. ఇద్దరం వెళ్ళి సారును అడిగాం. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"నీ మీద నమ్మకం లేక కాదమ్మాయ్. గేటు దాటితే అది దొంగతనం కిందే లెక్క. నీకే మాట వస్తుంది," అన్నాడు.

అనిత తల ఊపి వచ్చేసింది. పెద్దవాళ్ళ మాట దాటని పిల్ల. దాటి ఉంటే ఎంత బాగుండేది!

టెంటు కింద

అది సకల జనుల సమ్మె నడిచిన ఏడాది. మేమంతా దిగాం. మా గేటు ముందు కూడా టెంటు వేశారు. నేను రోజూ వెళ్ళి కూర్చున్నాను, నినాదాలిచ్చాను, పాటలు పాడాను. దానికి నేను ఇవాళ్టికీ బాధపడను. ఎవరైనా ఈ కథ విని, చూశారా సమ్మె వల్ల ఎంత నష్టమో అని అన్నారంటే వాళ్ళతో నాకు మాటల్లేవు. సారు అప్పటికి హైదరాబాదు వెళ్ళిపోయాడు, తాళాలు పట్టుకుని.

అనిత ఆదివారం ఇంటికెళ్ళి సిరిసిల్లలోనే చిక్కుకుపోయింది. బస్సులు లేవు. కొన్నాళ్ళకు ఆటోలు మారుతూ, మధ్యలో నడుస్తూ, దుమ్ము కొట్టుకుపోయి గేటు దగ్గరికి వచ్చింది.

"నా తొట్టి ఒక్కసారి సూసొస్త అన్నా," అని టెంటు పెద్ద వెంకటిని బతిమాలింది. వెంకటి మా అకౌంట్స్‌లో పనిచేసేవాడు.

"ఉద్యోగులు ఎవ్వలు లోపలికి పోవద్దు చెల్లె. కాంట్రాక్టోళ్లకు గూడ గదే మాట. నిన్ను పంపిస్తె రేపు అందరు పోతమంటరు," అన్నాడు అతను. తప్పు కాదు, అతని బాధ అతనిది.

నేను లేచి నిలబడ్డాను. "కోళ్ళ షెడ్డుకు మనిషిని పంపుతలేవా వెంకటీ? అవి బతికున్న జీవాలని పంపుతున్నవు గదా. పాచి మాత్రం రాయా?"

టెంటంతా గొల్లున నవ్వింది. "పాచికి గూడ ఆకలైతదా మేడం?"

"అయితది. నీకన్న ఎక్కువనే అయితది!" అన్నాను. నా గొంతు విని నవ్వులు ఆగిపోయాయి.

చాలాసేపు వాదించుకున్నాక ఒక ఒప్పందానికి వచ్చారు. కూలి మనిషి కాబట్టి రాజవ్వ రోజూ ఒకసారి లోపలికెళ్ళి తొట్లను చేత్తో కలిపి, నీళ్ళు పోసి రావచ్చు. కరెంటు పోయినా జనరేటర్ మాత్రం వేయకూడదు. సీసాల గది తాళం ఎలాగూ సారు దగ్గరే. అంటే గదిలోని సీసాలకు దిక్కులేదు, బయట తొట్టి ఒక్కటే ఆశ.

అనిత రాజవ్వ చేతులు పట్టుకుంది. "అవ్వా, మూలకున్న తొట్టి పైలం. దినాం కలుపు. ఎండిపోకుంట నీళ్లు వొయ్యి. మందు గిందు ఏం ఎయ్యకు, ఏమన్న అంటె గదే."

"నాకు జెప్పాల్నా బిడ్డా? నా కడుపుల వెట్టుకొని సూస్త. నువ్వు ఫికర్ జెయ్యకు."

అనిత ఇంకేదో చెప్పబోయి ఆగింది. ఆ రంగు సంగతే అనుకుంటాను. చెప్పకూడదన్న నియమం గుర్తొచ్చి ఉంటుంది. ఆ పాచి పాలిపోయే ఉండాలి, అదే దాని ఆరోగ్యం అన్న ఒక్క మాట. ఆ మాట ఆ పూట ఎవరమూ అనలేదు.

ఆ తర్వాత రోజూ రాజవ్వ బయటికి రాగానే నేను అడిగేదాన్ని. "ఎట్లున్నదవ్వా?" మొదట్లో "ఏమో మేడం, అంత మంచిగ లేదు" అంది. బతుకమ్మ రోజుల్లో "జర తేరుకున్నది" అంది. దసరా దాటాక "మస్తు మంచిగైంది" అంది. నేను ఆ మాటనే అనితకు ఫోన్లో చెప్పాను. అవతల ఆ పిల్ల సంతోషంతో ఏడ్చింది.

గేటు తెరిచాక

సమ్మె ముగిసింది. అనిత నాకంటే ముందే పరిగెత్తింది. నేను వెళ్ళేసరికి తొట్టి పక్కన నిలబడి ఉంది. తొట్టి నిండా ముదురు పచ్చ. నాటేసి నెల దాటిన వరి మడిలా నిగనిగలాడుతోంది. రాజవ్వ మొహం వెలిగిపోతోంది.

"సూడు బిడ్డా! నువ్వు వొయినప్పుడు రోగమొచ్చినట్టు పాలిపోయి ఉండె. కరెంటు వొయి చక్రం ఆగినంక ఇంక పల్చగైంది. నా పానం ఆగలే. నువ్వు మందు ఎయ్యద్దన్నవు గదా, గింత గూడ ముట్టలె. నాట్లల్ల నారు సచ్చిన కాడ పక్క మడిల నారు దెచ్చి సందులు నింపుతం గదా, గట్లనే పక్క తొట్ల పచ్చటిది బిందెలతోని తెచ్చి వోసిన. ఎట్ల పట్టుకున్నదో సూడు!"

మీరు ఈ వృత్తిలోకి వస్తే మీకూ తెలుస్తుంది. మితంగా తినేవాళ్ళ మధ్యకు ఒక్క తిండిపోతు వస్తే చాలు. ముదురు పచ్చ కణం పైకి చేరి, వెలుగంతా తనే మింగి, రోజుల్లో రెట్టింపవుతుంది. లేత కణాలు ఆ నీడలో ఒక్కొక్కటిగా అంతరిస్తాయి. బిందెలు అక్కర్లేదు, చెంబెడు చాలు.

అనిత రాజవ్వ వైపు తిరిగింది. ఆ పిల్ల మొహంలో నేను కోపం కోసం చూశాను. లేదు.

"మంచిగైందవ్వా," అంది. "నువ్వే బతికిచ్చినవ్."

లోపల గది తెరిస్తే సీసాలన్నీ ఉడికిపోయి, తెల్లగా బూజు పట్టి ఉన్నాయి. అనిత తొట్టి నీళ్ళు తీసి పళ్ళేల మీద పరిచి వెతకడం మొదలుపెట్టింది. ఎక్కడైనా ఒక్క లేత చుక్క మిగలకపోతుందా అని. అన్నం మానేసి వెతికింది. ఒకనాడు "మేడం!" అని కేక పెట్టింది. పరిగెత్తాను. ముదురు చుక్కల మధ్య ఒక లేత చుక్క. దాన్ని నేనే సూక్ష్మదర్శిని కింద పెట్టాను. అది పాచి కాదు, గాలిలోంచి వచ్చి పడ్డ ఈస్టు. నేను కంటి అద్దం నుంచి తల ఎత్తలేకపోయాను. చెప్పకుండానే ఆమెకు తెలిసిపోయింది.

సారు గదిలో

తనిఖీకి ముందు సారు మమ్మల్ని పిలిచాడు. మనిషి కుంగిపోయి ఉన్నాడు. నేను మాత్రం వదల్లేదు. "సీసా ఇంటికి తీస్కపోతనని అడిగింది గదా సార్! ఒద్దన్నది ఎవరు?" అని నిలదీశాను. ఆయన మెల్లగా అన్నాడు.

"పైవాళ్ళు అడుగుతారు. తొట్లో అది ఎవరు కలిపారు? ఆ రాజవ్వేనా? కూలీల నిర్లక్ష్యం అంటే ప్రాజెక్టుకు ఇంకో ఏడాది ఇవ్వచ్చు. ఆమెను మాత్రం తీసేయాల్సి ఉంటుంది."

నాకు విషయం అర్థమైంది. రాజవ్వ పోతే అనిత నిలబడుతుంది. అనితకు కూడా అర్థమైంది.

"అవ్వ గాదు సార్," అంది. "సమ్మెకు ముందు నేనే ఒక్క బిందెను రెండు తొట్లల్ల ముంచిన. కడగలే. నా తప్పే."

అబద్ధమని ఆయనకూ తెలుసు. "ఆలోచించుకో అమ్మాయ్," అన్నాడు.

"ఆలోచించిన సార్."

బయటికి వచ్చాక వరండాలో ఆమె భుజం పట్టి ఊపేశాను. "నీకేమన్న పిచ్చి లేసిందా? నేను వొయి అసలు సంగతి జెప్త!"

అనిత నా చెయ్యి పట్టుకుని ఆపింది. "మీకు దండం వెడ్త మేడం. అవ్వకు ఈ కూలి తప్ప ఏమున్నది? నాకు సదువన్న ఉన్నది. మీరు గని జెప్తె, ఆ బిందెలు వోస్తె ఏమైందో ఆమెకు గూడ జెప్పాలె. జెప్తె ఆమె బతుకుతదా?"

ఆ వరండాలోనే గోడకు ఆనుకుని ఏడ్చాను. అది చూసి ఆ పిల్లే నన్ను ఓదార్చింది.

ఆ ఏడాదితో అనిత కాంట్రాక్టు ముగిసింది. మళ్ళీ మొదటినుంచి వెతకడానికి మాకు డబ్బూ రాలేదు, వెతికే మనిషీ దొరకలేదు. సారు బదిలీ మీద వెళ్ళేటప్పుడు తాళాల గుత్తి నా బల్ల మీద పెట్టి, "అన్నీ తెరిచే ఉంచండి," అని మాత్రం అన్నాడు. రాష్ట్రం వచ్చిన రోజు మేమంతా రంగులు చల్లుకున్నాం. నేను సిరిసిల్లకు ఫోన్ చేశాను. అనిత వెనకాల సాంచాల చప్పుడులో సరిగా వినపడలేదు. పొద్దున పిల్లలకు ట్యూషన్లు చెబుతున్నానని, మధ్యాహ్నం కండెలు చుడుతున్నానని చెప్పింది. "మనది మనకచ్చింది మేడం," అని సంతోషంగానే అంది. ఫోన్ పెట్టేశాక ఒంటి మీద రంగు కడుక్కోవాలని కూడా అనిపించలేదు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలూ, నా దగ్గరున్న పాఠం ఇంతే. మీ పాచిని పది చోట్ల దాచండి, పక్కవాడికి ఇవ్వండి, దొంగిలిస్తే దొంగిలించనివ్వండి, ఎక్కడో ఒకచోట బతికుంటుంది. మీ తొట్లో చెయ్యి పెట్టే ప్రతి మనిషికీ అందులో ఏముందో, ఎందుకలా ఉందో కూర్చోబెట్టి చెప్పండి. ఆ మాట చెప్పడానికి పట్టేది ఒక టీ తాగినంత సేపు.

మూల తొట్టి

అనిత వెళ్ళిపోయాక మూల తొట్టిని ఖాళీ చేయమని నేను రాజవ్వకు చెప్పాల్సింది. అందులో ఇక పనికొచ్చేది ఏమీ లేదు. కానీ రోజూ పొద్దున్నే ఆమె ముందు ఆ తొట్టి దగ్గరికే వెళ్ళేది. ఆకులు ఏరేది, గట్లు తుడిచేది, కలిపేది. అనిత పెద్ద చదువుకు వెళ్ళిందని ఆమె నమ్మకం. అలా చెప్పి వెళ్ళింది ఆ పిల్ల.

నేను రిటైరయ్యే వారంలో కొత్త అధికారి చేరాడు. కుర్రవాడు, చురుకైనవాడు. పనికిరాని తొట్లన్నీ కడిగించమన్నాడు. రాజవ్వ నా గదికి ఉరికొచ్చింది.

"మేడం, గా మూల తొట్టి కడుగుమంటుండ్రు! ఆ కొత్త సారుకు జర మీరన్న జెప్పుండ్రి. అది మా బిడ్డది. రేపు సదువు అయిపొయి అచ్చి, అవ్వా నా తొట్టేది అంటె నేనేం జెప్పాలె?"

నేను లేచి ఆ అధికారి దగ్గరికి వెళ్ళాను. మూల తొట్లో ఉన్నది చాలా అరుదైన రకమని, ఏళ్ళుగా నడుస్తున్న ప్రయోగమని, ఎట్టి పరిస్థితుల్లోనూ కడగవద్దని చెప్పాను. ఆయన వినయంగా, "అలాగే మేడమ్. ఎవరిదా ప్రయోగం?" అని అడిగాడు.

అనిత పేరు చెప్పాను.